27వ సెక్షన్: రాజమండ్రిలో పుట్టిన ఒక అసమ్మతి

2017 ఏప్రిల్ 2న సత్యంబాబు రాజమండ్రి సెంట్రల్ జైలు గేటు దాటి బయటికొచ్చాడు. దళిత యువకుడు. ఆయేషా మీరా హత్య కేసులో 2008లో అరెస్టు చేసి, నేరం ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. పోలీసుల కథ నమ్మలేమని హైకోర్టు విడుదల చేసేసరికి ఎనిమిదేళ్లు దాటాయి. పరిహారం లక్ష రూపాయలు.

పోలీసుల ముందు ఒప్పుకుంటే చెల్లదు కదా సార్ అని మన పిల్లలు అడుగుతుంటారు. నిజమే, 1872 సాక్ష్య చట్టం 25, 26 సెక్షన్లు చెప్పింది అదే. దొడ్డిదారి 27లో ఉంది. కస్టడీలో చెప్పిన మాట వల్ల ఏదైనా బయటపడితే, ఆ మేరకు ఆ మాట సాక్ష్యమే. ఎంత మేరకో తేల్చిందీ తెలుగు నేల కేసే: గుంటూరు జిల్లా పులుకూరి కోటయ్య కేసు, 1947. ‘కత్తి ఇంటి కప్పులో దాచాను’ అంటే చెల్లుతుంది, ‘దాంతోనే పొడిచాను’ అంటే చెల్లదు అంది ప్రీవీ కౌన్సిల్. బాగుంది. కత్తి చూపించేదాకా ఆ మనిషిని ఏం చేశారు?

1960లో దేవ్‌మన్ ఉపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల్లో నలుగురు 27ను నిలబెట్టారు. ఒక్కరే కాదన్నారు. కోకా సుబ్బారావు. 1902లో పుట్టింది ఈ రాజమండ్రిలోనే. కస్టడీలో లేనివాడు పోలీసులకు చెప్పింది కోర్టుకు రాదు, కస్టడీలో ఉన్నవాడు చెప్పింది వస్తుంది. ఈ తేడా 14వ అధికరణకు విరుద్ధం, సెక్షన్ చెల్లదు అన్నారాయన. నా మాటల్లో చెప్పాలంటే, లాఠీకి అందేవాడికే రక్షణ తగ్గించారు. గోలక్‌నాథ్ తీర్పు తర్వాత భూమిలేని మనకు సుబ్బారావంటే గుర్రే, నాకూ ఉంది. అయినా ఈ అసమ్మతి తీర్పు మనవాళ్లు చదవాలి.

మరుసటి ఏడాది కథీ కాలూ కేసులో 11 మంది జడ్జిలు కూర్చున్నారు. బలవంతంగా చెప్పిస్తే 20(3) అడ్డొస్తుంది, కానీ కస్టడీలో ఉన్నంత మాత్రాన బలవంతం జరిగినట్టు కాదన్నారు. మరి మాలపల్లె కుర్రాడు స్టేషన్ గదిలో జరిగినదానికి ఎవరిని సాక్షిగా తేవాలి? అక్కడున్నది వాడూ, పోలీసులూ. 1973లో పూరణ్‌మల్ కేసు ఇంకో మెట్టు దిగింది: సోదా చట్టవిరుద్ధమైనా, దొరికింది కేసుకు సంబంధించినదైతే సాక్ష్యంగా పనికొస్తుంది.

2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం అమల్లో ఉంది. 27 అనే అంకె పోయింది. అందులోని నియమం మాత్రం 23వ సెక్షన్ కింద మినహాయింపుగా చేరింది.

జై భీమ్.