సువాలి: ఇసుక మేట చాటు రేవు

సూరత్ పేరు మీరు వినే ఉంటారు. ఆ నగరానికి పడమరగా, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, సముద్రతీరాన సువాలి అనే గ్రామం ఉంది. ఆంగ్లేయుల రాతల్లో దాని పేరు ‘స్వాలీ’.

సూరత్ తపతీ నది ఒడ్డున వెలసింది. నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేటలు అడ్డుపడి పెద్ద ఓడలు నగరం దాకా రాలేకపోయేవి. సువాలి ఎదుట మాత్రం తీరానికీ, నీటిలోని పొడవాటి ఇసుక మేటకూ నడుమ లోతైన పాయ ఉండేది. ఓడలకు అదే ఆశ్రయం. 1612 నవంబరులో కెప్టెన్ థామస్ బెస్ట్ ‘రెడ్ డ్రాగన్’, ‘హోసియాండర్’ ఓడలతో పోర్చుగీసు నౌకలను ఎదిరించి నిలిచింది ఇక్కడే. సముద్రం మీద తమకంటూ బలం లేని మొగలు అధికారులు దీన్ని గమనించారు. 1613లో సూరత్‌లో ఆంగ్లేయుల వర్తక స్థావరం ఏర్పడింది. 1615లో రాయబారి సర్ థామస్ రో దిగిందీ ఈ తీరానే.

యుద్ధం కంటే ఇక్కడి సంతను తెలుసుకోవడం ముఖ్యం. ఓడల కాలంలో సూరత్ వర్తకులు ఇసుక మీదనే గుడారాలు, వెదురు దుకాణాలు వేసేవారు. నీలిమందు, నూలుబట్టల మూటలు ఎడ్లబండ్ల మీద వచ్చేవి. (1611లోనే ఆంగ్లేయులు అడుగుపెట్టిన మన మచిలీపట్నంలోనూ పెద్ద ఓడలు తీరానికి దూరంగానే ఆగేవి.) కెప్టెన్ల పేర్లు చరిత్రకు దక్కాయి, బండ్లు తోలినవారివి దక్కలేదు.

1687లో కంపెనీ పశ్చిమ తీర ప్రధాన కార్యాలయం బొంబాయికి తరలింది. సువాలి క్రమంగా మళ్ళీ మామూలు పల్లె అయింది. ఇప్పుడు దాని పొరుగున హజీరా ఉక్కు కర్మాగారం, ఓడరేవు ఉన్నాయి. సెలవు రోజుల్లో సూరత్ వాసులు సువాలి ఇసుకలో పొద్దుపుచ్చి వెళతారు.