కంది పేరు మోస్తున్న పట్టుపురుగు

మనింటి కందిపప్పుకీ, మడగాస్కర్ సమాధులకీ ఒక చుట్టరికం ఉంది. కలిపింది ఓ పట్టుపురుగు.

1862లో రాజు రెండవ రదామా పట్టాభిషేకం చూడ్డానికి రీయూనియన్ దీవి నుంచి ఆగస్ట్ విన్సన్ అనే డాక్టరు మడగాస్కర్ వెళ్లాడు. మరుసటి ఏడాది అక్కడి పట్టుపురుగు ఒకదానికి 'కజాని' అని పేరుపెట్టాడు. కజానస్ అంటే కంది. మన దేశంలో పుట్టి సముద్రం దాటిన కందిమొక్క ఆకులు మేస్తుంది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు పూర్తి పేరు బొరోసెరా కజాని.

నిజానికి ఆ పురుగు అసలు ఇల్లు కందిచేను కాదు. మధ్య మడగాస్కర్ మెట్టనేలల్లోని తపియా అడవులు. అక్కడివాళ్లు దాన్ని 'లాందిబె' అంటారు, పెద్ద పట్టుపురుగు అని. మల్బరీ పురుగేమో 'లాందికెలి', చిన్నది. విన్సన్ రాకముందూ ఆ పురుగుకి పేరుంది, పనీ ఉంది. దాని దారంతో నేసిన 'లంబమేన' అనే బట్టలో చనిపోయినవాళ్లని చుట్టేవారు. కొన్నేళ్లకి ఫమదిహన వేడుకలో సమాధి తెరిచి, ఎముకలకి కొత్త బట్ట చుడతారు. మనకి పట్టంటే పెళ్లి. అక్కడ ఈ పట్టు పెద్దలది.

మల్బరీ గూడులా దీన్నుంచి ఒకే పోగు లాగరు. గూడు కోసి, ప్యూపాని తీసి (వేయించుకు తింటారు), గూళ్లని ఉడకబెట్టి, పత్తిలా చేత్తో వడుకుతారు. మెరుపు తక్కువ, గోధుమరంగు. మన దసలి పట్టు చూసినవాళ్లకి ఆ రంగు కొత్త కాదు.

గొడవంతా పేరు దగ్గరే. ఇదే ప్రజాతిలో బొరోసెరా మడగాస్కరియెన్సిస్ అని ఇంకోటుంది, 1833లోనే బ్వాడువాల్ పెట్టిన పేరు. ప్రధానంగా తీరప్రాంతాలది. పేరులోనే దేశం ఉందిగా, మెట్టనేలల పట్టు గురించి రాసినవాళ్లు చాలామంది దీని పేరే రాసేశారు! మగదీ ఆడదీ ఒకేలా ఉండవు, రంగులూ మారతాయి. రెక్కలు చూసి తేల్చడం కష్టం, జననాంగాల నిర్మాణం చూడాలి. 1972లో దె లాజోంకియేర్ ఆ దీవి లాసియోకాంపిడే కుటుంబాన్నంతా సమీక్షించి పుస్తకం వేశాక కూడా పాత పొరపాటు వ్యాసాల్లో సాగుతూనే వచ్చింది.

పేరుదేముందిలే అనుకోడానికి లేదు. తపియా నరికివేత, కార్చిచ్చులు, అతిగా ఏరడం వల్ల లాందిబె తగ్గిపోయింది. తిరిగి పెంచాలంటే ముందు ఏ పురుగో తెలియాలి. తీరం పురుగు గురించి రాసిన సంగతులు పట్టుకుని మెట్ట పురుగుని పెంచబోతే, ఏ ఆకు వెయ్యాలో దగ్గరే తప్పటడుగు పడుతుంది. ఏరేవాళ్లకి ఈ తికమక లేదు. తపియా కొమ్మ మీదున్నది లాందిబె, అంతే. వాళ్ల చిక్కు వేరు: గూడు కోసి ప్యూపా తింటే ఆ పూటకి కూర, చేతికి దారం. వదిలేస్తే వచ్చే సీజన్‌కి గుడ్లు.