గొట్టం చివర మిల్లీమీటరు

హైదరాబాదు బాలానగర్ లేత్ షాపుల్లో పనిచేసేవాళ్లకు మిల్లీమీటరు చిన్న కొలత కాదు. టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ 1968 నుంచి ఈ పేటలోనే ఉంది. రంధ్రం తొలిచి, రీమరుతో నునుపు చేసి, గేజి దూర్చి చూసుకునే చేతులు ఇక్కడి సందుసందునా కనిపిస్తాయి. షాట్‌గన్ చోక్ పుట్టుక చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి చోటు తోచలేదు. గొట్టం చివర లోపలి వ్యాసాన్ని కాస్త బిగించడమే చోక్. ఎంత బిగువు వేసినా అది సాధారణంగా ఒక మిల్లీమీటరు దాటదు.

జొన్నచేలో మంచె మీద కాపలా ఉన్నవాడు వడిసెలలో ఒక్క రాయి పెడితే అది తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. గుప్పెడు గులకరాళ్లు విసిరితే ఏదో ఒకటి తగులుతుంది. కానీ దూరం పోయేకొద్దీ రాళ్లు విడిపోయి, వాటి మధ్య సందుల్లోంచి పిట్ట క్షేమంగా ఎగిరిపోతుంది. షాట్‌గన్ అనే రవ్వల తుపాకి బాధ కూడా అదే. రవ్వలు, హైదరాబాదీ నోట ఛర్రాలు, గొట్టం దాటగానే పరుచుకోవడం మొదలుపెడతాయి. ఆ పరుచుకోవడాన్ని అదుపు చేసేదే చోక్.

ఈ తుపాకి గొట్టం కొలతకు పన్నెండు బోరు అనే పేరు సీసం తూకం నుంచి వచ్చింది. ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే, ఒక్కో గుండు పట్టేంత గొట్టం అన్నమాట. అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. రవ్వలు గుండ్రంగా రావడానికి దారి చూపింది బ్రిస్టల్ నగరపు విలియం వాట్స్. కరిగిన సీసాన్ని జల్లెడలోంచి ఎత్తు నుంచి నీళ్లలోకి జారవిడిచే పద్ధతికి ఆయన 1782లో పేటెంటు తీసుకున్నాడు.

చోక్‌కు మాత్రం తండ్రులు ఎక్కువ. అమెరికాలో సిల్వెస్టర్ రోపర్ 1866లో పేటెంటు పొందాడు. అదే ఏడు ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో తుపాకులు చేసే డబ్ల్యు. ఆర్. పేప్ కూడా పొందాడు. ఇల్లినాయిలో బాతుల వేటగాడు ఫ్రెడ్ కింబుల్ పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. నా మటుకు పెద్దపీట బర్మింగ్‌హామ్‌కు చెందిన డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్‌కు వేస్తాను. మొదట తట్టినవాడు ఆయన కాదు. కానీ ఏ గొట్టానికైనా మళ్లీ మళ్లీ ఒకే ఫలితం వచ్చేట్టు తొలిచి చూపించాడు. 1875లో ‘ఫీల్డ్’ పత్రిక లండన్‌లో పెట్టిన పోటీల్లో చోక్ గొట్టాలు సాదా గొట్టాలను బాగా వెనక్కి నెట్టాయి. ఆ తరవాత వాదన సద్దుమణిగింది.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పుట్టింది కూడా 1866లోనే. ఆయన వేట అనగానే అందరికీ పులులే గుర్తొస్తాయి. 1902లో నెక్కొండ దగ్గర వైస్రాయి కర్జన్ దంపతులు పులితో దిగిన ఫోటో లోకమంతా చూసింది. ఫోటోలకెక్కింది పులీ రైఫిలూ. చెరువు గట్టున చలికాలపు బాతుల కోసం, చెలకల్లో కౌజుల కోసం చేతికొచ్చింది మాత్రం జోడు గొట్టాల పన్నెండు బోరు.

ఆ జోడు గొట్టాల్లోనే చోక్ తెలివంతా ఉంది. చాలా తుపాకుల్లో కుడి గొట్టం వదులు, ఎడమది బిగువు. పొదలోంచి లేచిన కౌజు మొదట దగ్గరగా ఉంటుంది, అప్పుడు కుడిది. తప్పితే పిట్ట ఇంకో పది పన్నెండు గజాలు పోతుంది, అప్పుడు ఎడమది. ట్రిగ్గర్లు రెండు కనక వేలు మార్చడమే ఎంపిక. 40 గజాల దూరాన 30 అంగుళాల వలయంలో ఎన్ని రవ్వలు పడ్డాయన్నది లెక్క: ఫుల్ చోక్‌లో నూటికి 70, హాఫ్‌లో 60, చోక్ లేని గొట్టంలో 40.

బిగువు గొట్టం ఎప్పుడూ మంచిదనుకోవడం పెద్ద పొరపాటు. అది రవ్వ వేగాన్నీ దెబ్బనూ చెప్పుకోదగ్గంతగా పెంచదు, గుంపును మాత్రం దగ్గరగా ఉంచుతుంది. పదిహేను గజాల్లో పూరేడు మీద ఫుల్ చోక్ పేలిస్తే గురి తప్పుతుంది, తగిలితే తినడానికి మాంసం మిగలదు. వదులు గొట్టంతో దూరపు బాతును కొడితే రెండు రవ్వలు తగిలిన బాతు జమ్ములో పడి రాత్రంతా చస్తుంది. నాకు ఈ రెండోదే ఘోరం.

తూటా నంబరు కూడా ఈ లెక్కలోదే. బ్రిటిష్ నంబర్లలో ఒక ఔన్సుకు 6 నంబరు రవ్వలు 270, 4 నంబరువి 170, పెద్ద రవ్వల్లో ఎస్‌జీ ఎనిమిది, ఎల్‌జీ ఆరే. నంబరు పెరిగేకొద్దీ రవ్వ చిన్నది. పూరేడుకు 8, కౌజుకు 6, బాతుకు 4 అన్న పాత లెక్కకు కారణం ఒకటే: చిన్న ఒంటికి ఎక్కువ రవ్వలు కావాలి, ఈకలు దట్టమైన ఒంటికి లోతుగా దిగే రవ్వ కావాలి. గొట్టానికి నిండుగా పట్టే ఒంటి గుండును ఫుల్ చోక్‌లోంచి పేలిస్తే గొట్టమే చీలే ప్రమాదం ఉంది.

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన దగ్గర వేట క్రమంగా ముగిసింది, ముగియాల్సిందే. నిజాం వేటమైదానంలో ఇప్పుడు హరిణ వనస్థలి ఉంది. చేలు పాడుచేసే అడవి పందులను కూడా అనుమతి ఉంటేనే, ప్రభుత్వ జాబితాలోని షూటర్లే కాల్చాలి. వేట ఇంకా సాగే అమెరికాలో సీసం నీటిపక్షులకు విషమని తేలి, 1991 నుంచి వాటి వేటలో సీసపు రవ్వలు ఆపేశారు. ఉక్కు రవ్వ గట్టిది కనక దానికి కాస్త వదులు చోక్ వాడతారు.

చోక్ పాత లెక్క ఇప్పుడు గచ్చిబౌలి వైపు బతుకుతోంది, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజిలో. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ కైనన్ చెనై ట్రాప్‌లో కంచు పతకం, జట్టుతో బంగారం తెచ్చాడు. ట్రాప్‌లో 110 మిల్లీమీటర్ల మట్టి బిళ్ల షూటరుకు దూరంగా పారిపోతుంది, కనక బిగువు చోక్. స్కీట్‌లో బిళ్ల అడ్డంగా, దగ్గరగా దాటుతుంది, కనక వదులు. రెండింట్లోనూ తూటాలో 24 గ్రాములకు మించి రవ్వ వేయకూడదు.

గొట్టం మీద కొట్టిన ముద్రను నమ్మి ఊరుకోకూడదు. ఒకే చోక్‌తో ఒక తూటా రవ్వలన్నీ దగ్గరగా వేస్తే, ఇంకో కంపెనీ తూటా చెల్లాచెదురు చేస్తుంది. 40 గజాల దూరాన పెద్ద కాగితం కట్టి, ఒక్క తూటా కాల్చి, 30 అంగుళాల వలయం గీసి, లోపలి చిల్లులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. గ్రీనర్ చేసిందీ అదే.