సేతుబంధము - వఱదముప్పు

సేతుశబ్దము బంధనార్థకమగు ధాతువునుండి పుట్టినది. నీటిని బంధించునది సేతువు. ఆ బంధము సడలెనేని పోషకమగు జలమే ఘాతుకమగును. ఈ సత్యమును మన పూర్వు లెఱుఁగనివారు కారు. బుక్కరాయల కుమారుఁడగు భాస్కరభవదూరుఁడు నిర్మించిన యనంతరాజసాగరమునుగూర్చిన పోరుమామిళ్ల సంస్కృతశాసనము (క్రీ. శ. 1369) తటాకమునకుఁ బండ్రెండు సాధనములను, ఆఱు దోషములను బేర్కొన్నది. గట్టునుండి నీరూరుట, చవుటినేల, రెండురాజ్యముల పొలిమేర, గర్భమున మెట్ట, విశాలభూమికి స్వల్పజలము, స్వల్పభూమి కధికజలము - ఇవి యా దోషములు.

కాకతీయుల సీమయందుఁ జెఱువు లొంటిగా నుండక గొలుసుకట్టుగా నుండెను. గణపతిదేవచక్రవర్తి సోదరియగు మైలాంబ త్రవ్వించిన ధర్మకీర్తిసముద్రము నేఁటి మహబూబాబాదు జిల్లాయందలి బయ్యారమునఁ గలదు. గణపురము చెఱువు భూపాలపల్లి జిల్లాలోనిది. మీఁదిచెఱువు మత్తడి దుమికిన నీరు క్రిందిచెఱువును నింపును. జనగామవంటి మెట్టసీమ కీ యేర్పాటె జీవనము. కాని మీఁదిగట్టు తెగిననాఁడు గొలుసే యాపదను మోసికొనివచ్చును. ఒకచెఱువు నీరు రెండవదాని గట్టును, ఆ రెంటి నీరు మూఁడవదానిని గూల్చును.

1908 సెప్టెంబరు 28వ తేదిని హైదరాబాదునందు జరిగిన దిదియే. మూసీనది కెగువ నున్న 788 చెఱువులలో 221 తెగినవని మోక్షగుండము విశ్వేశ్వరయ్య లెక్కించెను. నిజాము ప్రభుత్వ మాతని రావించి యుపాయ మడుగఁగా, నగరమునకుఁ బైన వఱదను నిలిపి మెల్లగా విడుచు రెండు జలాశయముల నాతఁడు సూచించెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను బూర్తియయ్యెను. ఒక యుత్పాతమునుండి యొక ప్రణాళిక పుట్టిన దన నిదియే.

ఇటీవలి యుత్పాతములును నట్టి ప్రణాళికనే కోరుచున్నవి. 2023 జూలై 27వ తేదికి ముగిసిన యిరువదినాలుగు గంటలలో భూపాలపల్లి జిల్లా చిట్యాలయందు 616.5 మిల్లీమీటర్ల వాన కురిసెను. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెను. 2024 సెప్టెంబరు మొదటను వఱద మహబూబాబాదు జిల్లా కేసముద్రముకడ రైలుకట్టను గోసివేసెను. ఈ రెంటి నడుమ, 2023 అక్టోబరు 21వ తేదిని, గోదావరిపై మేడిగడ్డ బరాజు స్తంభములు కొన్ని క్రుంగెను. ఆధారముక్రింది యిసుక యూటతోఁ గొట్టుకొనిపోయెననియు, యోజనయందును, నిర్మాణమందును, నిర్వహణమందును లోపములు గలవనియు జాతీయ ఆనకట్టల భద్రతాసంస్థ నిర్ణయించెను. శాసనోక్తదోషములలో రెండిచటఁ దోఁచును. పొలిమేరదోషమును 2016లో మహారాష్ట్రముతోడి యొడంబడికచేఁ దీర్చుకొనవచ్చెను; ఊటదోషమున కొడంబడిక లేదు.

2021 నాఁటి ఆనకట్టల భద్రతాచట్టము ప్రతి పెద్దకట్టకును నాపత్కాలప్రణాళిక నయిదేండ్లలోపల సిద్ధపఱుపవలెనని విధించినది. కాని యది పదునైదు మీటర్లకు మించిన కట్టలకును, పది మొదలు పదునైదు మీటర్లవఱకుఁ గొన్ని లక్షణములు గలవానికిని మాత్రమే వర్తించును. ఊరిచెఱువు లనేకము లీ పరిమితికి వెలుపలివి. 1908లోఁ దెగినవి యిట్టి చిన్నకట్టలే. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పూడికఁ దీసి గట్ల బలపఱచినది. అది సేద్యమున కుపకరించెను. వఱద కుపకరింపవలెనన్న, ఏ చెఱువు తెగిన నే చెఱువునకు హానియో, ఏ యూరికి నెన్నిగడియలలో నీరు చేరునో వాగువాగునకును ముందే లెక్కించి యుంచవలెను; మత్తడులు వెడలుపు చేయవలెను; వానకారున రాత్రింబగళ్లు గట్టు గాచిన నీరటికాని పదవిని దిరిగి నెలకొల్పవలెను.

పండ్రెండు సాధనములలోఁ బ్రథమము ధర్మపరుఁడగు ప్రభువు. ద్వితీయము జలశాస్త్రమెఱిఁగిన పండితుఁడు. మంచినేలయు, మంచిరాయియుఁ దరువాతివి. ఆ క్రమమును శాసనకర్త యూరక యుంచలేదు.