గుండ్లకమ్మ వెంట, చెరువుల లెక్క

పత్తీ మిరపా పండే మా నల్లరేగడికి ఒక గుణముంది. కురిసిన వానను కడుపులో దాచుకుంటుంది, పైరుకు ఇస్తుంది, మనిషి దాహానికి మాత్రం ఇవ్వదు. బావి తవ్వితే చాలాచోట్ల పడేది ఉప్పునీరే. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఊరికొక మంచినీళ్ళ చెరువు వెలసింది ఇందువల్లనే. పశువులను దిగనివ్వరు, బట్టలుతకనివ్వరు. మన పూర్వులు సప్తసంతానాలలో కొడుకుతో సమానంగా తటాకాన్ని చేర్చడం వెనుక పుణ్యకాంక్ష ఎంతో, ఈ ఉప్పునీటి భయమూ అంతే ఉన్నదని నా అభిప్రాయం.

ఆ భయం ఉత్తది కాదు. 1832-33 నాటి నందన కరువును మా వైపు డొక్కల కరువు అనేవారు. సుమారు 5 లక్షల జనాభా ఉన్న గుంటూరు జిల్లాలో లక్షన్నర నుండి 2 లక్షల మంది దాకా పోయారని అంచనాలు. దాని తరువాతే బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట ఆలోచన బలపడి, 1855 నాటికి పని పూర్తయింది. అయితే ఆ నీరు డెల్టా పల్లానికి పారిందే గాని మెట్టరేగడికి ఎక్కలేదు. మెట్టకు మిగిలినవి వాన, చెరువు, గుండ్లకమ్మ.

స్థానిక నదులనూ చెరువులనూ అధ్యయనం చేయడానికి కొందరు భూగోళశాస్త్ర విద్యార్థులు ఆ గుండ్లకమ్మ వెంట బయలుదేరుతూ, చరిత్ర చెప్పడానికి నన్నూ రమ్మన్నారు. నది నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం వద్ద పుట్టి, కంభం మీదుగా ఈశాన్యానికి సాగి, వినుకొండ ప్రాంతంలో మలుపు తిరిగి, అద్దంకిని ఒరుసుకుంటూ ఒంగోలు వైపున సముద్రంలో కలుస్తుంది. మేము ఎదురు దిశలో, సముద్రం వైపు నుండి కొండల వైపుకు వెళ్ళాము.

మొదట మల్లవరం జలాశయం. 2008లో ప్రారంభమైంది, నిలువ సామర్థ్యం 3.8 టి.ఎం.సి.లకు పైమాటే. 2022 ఆగస్టు చివర ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుఫాను వెంటనే, మరొకటి. పట్టి ఉంచిన నీరు సముద్రం పాలైంది. పిల్లలు కొలతలు రాసుకుంటున్నారు, నేను పక్కన నిలబడి ఊరుకున్నాను. చెప్పడానికి చరిత్ర ఏముంది అక్కడ?

అద్దంకిలో మాత్రం మాట ఆగలేదు. 848 ప్రాంతపు పండరంగని శాసనం, అందులోని తరువోజ, తెలుగు పద్యానికి దొరికిన తొలి సాక్ష్యాలలో ఒకటి. ప్రోలయ వేమారెడ్డి రాజధానీ ఇదే, ఎర్రాప్రగడ ఆయన ఆస్థానకవి. ఇంతటి కథ ఈ ఏటి ఒడ్డున నడిచిందని ఒంగోలు పిల్లలకే తెలియకపోవడం నాకు కొంచెం బాధ కలిగించింది.

కంభం చేరేసరికి సాయంత్రమయింది. ఒక అమ్మాయి కట్ట మీద నిలబడి, "మాస్టారూ, ఇంత చిన్న కట్టకు అంత చెరువెలా వచ్చిందండీ?" అని అడిగింది. యాత్ర మొత్తంలో మంచి ప్రశ్న అదే. రెండు కొండల నడుమ నది ఇరుకుగా దూరే చోటును ఎంచుకోవడంలోనే అంతా ఉంది. కట్ట ఎత్తు 57 అడుగులు, నీరు వచ్చి చేరే మేర 430 చదరపు మైళ్ళు, ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు అని ఆంగ్లేయుల కాలపు గెజిటీరు లెక్క. మిగతా గోడ పని కొండలే చేశాయి. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది.

కట్టించినది గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ అని ప్రతీతి. భర్త ఆదరణకు దూరమై ఇక్కడ కాలం గడిపిందంటారు. పేర్లు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. కథ బాగుంది, కాని రాయలకు చెరువులు కట్టించడం రాజనీతి కూడాను, కనుక అలకనే కారణంగా నేను ఒప్పుకోలేను.

కంభానికి దక్షిణాన, గిద్దలూరు దాటి వెళితే కడప జిల్లా పోరుమామిళ్ళ. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి 1369లో వేయించిన సంస్కృత శాసనం నీటిశాస్త్రానికి పాఠ్యపుస్తకం వంటిది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం తక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం.

ఈ ఆరింటినీ పిల్లలకు చదివి వినిపించాను. నాలుగవది వినగానే ఒక కుర్రవాడు నవ్వాడు. వాళ్ళ ఊరు సాగర్ కుడికాలువ చివరి భూముల్లో ఉందట. 1955లో పునాది పడి, 1967లో నీరు వదిలాక మెట్టరేగడికి కృష్ణ వచ్చింది నిజమే. కాలువ పొడవునా మిరప, పత్తి పెరిగాయి. కొసకు చేరేసరికి నీరు సన్నగిల్లింది.

చివరి దోషం ఆరున్నర శతాబ్దాల తరువాత మళ్ళీ ఎదురైంది. 2014 విభజనతో సాగర్ ఆనకట్టే రెండు రాష్ట్రాల సరిహద్దయింది. 2023 నవంబరు 30 తెల్లవారేసరికి 26 గేట్లలో 13 ఆంధ్ర పోలీసుల అధీనంలో ఉన్నాయి, కుడికాలువకు నీరు వదిలారు. అవతలి వైపు తెలంగాణ పోలీసులు. తరువాత కేంద్ర బలగాలు వచ్చాయి. తాగునీటి కోసమని ఆంధ్ర, ఒప్పందానికి విరుద్ధమని తెలంగాణ వాదించాయి. వేసవిలో ఆ కుర్రవాడి ఊరి మంచినీళ్ళ చెరువు నిండేది ఆ కాలువతోనే.