నిర్దోషి, నిరపరాధి, యథార్థవర్తనుడు: కరవు సీమలో ఒక పదచరిత్ర

అనంతపురం పీఠభూమిలో సేవ చేయు కాపరులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. వానలు తప్పి, వేరుశనగ పైరు మాడి, బోరు ఎండినప్పుడు విశ్వాసి అడుగును: “మేమేం పాపం చేసినామయ్యగారూ?” దానికి జవాబు చెప్పుటకు ముందు, పాపములేనితనమునకు మన బైబిలు వాడిన పదములు ఎక్కడనుండి వచ్చినవో, మన ప్రజల చెవికి ఎట్లు వినిపించుచున్నవో పరిశీలించుట అవసరము.

1. పదములు మనకు చేరిన విధము

అనంతపురం 1882 వరకు బళ్లారి జిల్లాలో భాగము. లండన్ మిషనరీ సొసైటీవారు 1810లో బళ్లారిలో పని ఆరంభించిరి. అంతకు ముందే, 1805లో, ఆ సొసైటీవారు విశాఖపట్నం చేరిరి. అక్కడ దే గ్రాంజెస్ ఆనందరాయరు సహాయముతో తర్జుమా చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయినవి. ప్రిచెట్ తర్జుమా చేసిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడినది. ఆ తరువాత అనేక సవరణలు జరిగినవి. వాటి ఫలితముగా మన చేతికి వచ్చిన బైబిలులో ఈ భావమునకు సంస్కృత పదములే ఎక్కువ.

“దోషము” అనగానే మన పల్లెలో నాగదోషము, కుజదోషము గుర్తుకు వచ్చును. అది చేసిన తప్పు కానక్కరలేదు, అంటుకొన్న కీడు కూడ కావచ్చును. “అపరాధము” అనగానే కచేరీ, జరిమానా గుర్తుకు వచ్చును. “అమాయకుడు” అనగా మూలార్థములో మాయ లేనివాడు, అనగా కపటము లేనివాడు. నేటి వాడుకలో మాత్రము సులువుగా మోసపోవువాడు. అందుకే పావురములవలె ఉండుమని ప్రభువు చెప్పిన చోట (మత్తయి 10:16) మన బైబిలులో “నిష్కపటులు” అని యున్నది. అక్కడి గ్రీకు పదమునకు “కలితీ లేని” అని అర్థము. ఇంగ్లీషువారి “ఇన్నోసెంట్” అను పదమునకు లాటిను మూలములో “హాని చేయని” అని అర్థము. ఒక్క భావమును ఒక్కొక్క భాష ఒక్కొక్క వైపునుండి చూచినది.

2. హెబ్రీ మూలములో రెండు దారులు

పాత నిబంధనలో ఈ భావమునకు రెండు ముఖ్య ధాతువులు గలవు. ఒకటి “తామ్”, దాని సంబంధి “తామీమ్”. సంపూర్ణము, లోపము లేనిది అని అర్థము. రెండవది “నాకీ”. నేరమునుండి విడిపోయినవాడు, శిక్షకు పాత్రుడు కానివాడు అని అర్థము. మొదటిది మనిషి నడతను గూర్చినది, రెండవది తీర్పును గూర్చినది.

పస్కా గొఱ్ఱెపిల్ల “నిర్దోషమైనది” (నిర్గమ 12:5). ఇది తామీమ్. దేవుని నామమును వ్యర్థముగా పలుకువాడు “నిర్దోషిగా” ఎంచబడడు (నిర్గమ 20:7). ఇది నాకీ ధాతువునుండి వచ్చినది. అనగా ఒకే తెలుగు పదము రెండు హెబ్రీ మూలములను మోయుచున్నది. మరొక వైపు, తామ్ కుటుంబపు మాటలే యోబు విషయములో “యథార్థవర్తనుడు” (యోబు 1:1), అబ్రాహాముతో “నిందారహితుడు” (ఆది 17:1), యాకోబు విషయములో “సాధువు” (ఆది 25:27) అయినవి. తెలుగు మాట ఒక్కటే చూచి ప్రసంగించువాడు ఈ భేదమును కోల్పోవును.

3. గుంతకల్లు గేటు దగ్గర

తీర్పుకును సత్యమునకును మధ్య ఎంత దూరముండగలదో మన జిల్లా చరిత్రయే చెప్పుచున్నది. 1893 అక్టోబరులో గుంతకల్లు వద్ద ఆంగ్ల సైనికులు ఇద్దరు స్త్రీలను వెంటాడగా, రైల్వే గేటు కావలివాడైన హంపన్న వారికి ఆశ్రయమిచ్చి అడ్డు నిలిచెను. సైనికుని తుపాకి దెబ్బకు ప్రాణము విడిచెను. గుత్తిలో వకీలుగా నున్న కేశవ పిళ్లై న్యాయము కొరకు పోరాడెను. వ్యాజ్యము మద్రాసు హైకోర్టు వరకు వెళ్లెను. నిందితుడైన సైనికుడు నిర్దోషిగా విడుదలయ్యెను.

కోర్టు భాషలో ఆ సైనికుడు “నిర్దోషి”. అయితే హంపన్న మరణమునకు జవాబుదారి ఎవడు? హంతకుడు తెలియని శవము పొలములో కనబడినప్పుడు కూడ సమీప పట్టణపు పెద్దలు దేవుని యెదుట నిలువవలెనని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము విధించెను. అక్కడి మాట “నాకీ”. తీర్పు లేనంత మాత్రాన రక్తము మౌనముగా ఉండదు. పిలాతు కూడ ప్రభువునందు నేరము లేదని చెప్పి, చేతులు కడుగుకొని, ఆయననే సిలువకు అప్పగించెను.

4. కరవు, ఎలీఫజు, మనము

ఇప్పుడు ఆ రైతు ప్రశ్నకు వత్తము. నిరపరాధి ఎప్పుడైన నశించెనా అని ఎలీఫజు అడిగెను (యోబు 4:7). అతడు వాడిన పదము “నాకీ”. గ్రంథకర్త యోబును గూర్చి వాడిన పదము “తామ్”. కష్టమును చూచి ఎలీఫజు నేరము లెక్కగట్టెను. గ్రంథము మనిషి నడతను చూచి సాక్ష్యమిచ్చెను. చివరకు దేవుడు ఎలీఫజు మీదనే కోపించెను (42:7).

అనంతపురం కరవునకు తెలిసిన కారణములున్నవి. పడమటి కనుమల వాననీడలో ఉండుటచేత నైరుతి వానలు ఇక్కడికి బలహీనపడి వచ్చును. తీరమునకు దూరమగుటచేత ఈశాన్య వానలును తగ్గును. సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 1876-78 మహా కరవు ఈ సీమను తీవ్రముగా బాధించెను. నీతిమంతుని పొలమునకును అనీతిమంతుని పొలమునకును ఒకే మేఘము తప్పిపోవును. ఇట్టి చోట “నీ పాపమే కారణము” అను కాపరి ఎలీఫజు పీఠము మీద కూర్చున్నవాడు. అప్పులలో మునిగిన రైతుకు ఆ మాట ప్రాణాంతకము కావచ్చును.

మన భాషలో ఒక వింత గలదు. “పాపము” అను మాటకు రెండు వాడుకలున్నవి. ఒకటి నేరము. రెండవది జాలి: బాధపడువానిని చూచి “పాపం!” అందుము. రైతు “ఏం పాపం చేసినాము” అని మొదటి అర్థములో అడిగినప్పుడు, సంఘము అతనిని రెండవ అర్థములో చూడవలెను. మనమందరము దేవుని యెదుట పాపులమే, కృపచేతనే నీతిమంతులుగా తీర్చబడుదుము. ఇది సువార్త. అయితే ఈ ఏటి కరవు ఈ మనిషి నేరమునకు శిక్ష యని చెప్పు అధికారము ఆ సువార్త మనకియ్యలేదు.