సముద్రం పెరుగుతోందా, నేల దిగుతోందా?



సిరుగుప్ప దగ్గరి దేశనూరులో కాలువ గట్టున ఒక పెద్దాయన నన్నొక ప్రశ్న అడిగారు. మాటల్లో సముద్రం ప్రస్తావన వచ్చింది. ఆయన తలపాగా సర్దుకుని, "ఏం సార్, సముద్రం పెరుగుతాండాదంట గదా! మన డ్యాం సముద్రమట్టానికి 1633 అడుగులంటారే, అట్లయితే ఆ లెక్క తగ్గిపోవాల గదా? యాడా తగ్గినట్టు లేదే! మరి ఎవరి మాట నమ్మేది?" అన్నారు.

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ప్రపంచంలో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి వాదించుకున్న విషయం ఆ ప్రశ్నలోనే ఉంది. సముద్ర మట్టాన్ని దేనితో కొలుస్తారు? ఆ కొలత ఎంతవరకు నమ్మదగినది? భూమి వేడెక్కుతోందని చెప్పడానికి దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చా? ఈ పూట ఆ సంగతులే ముచ్చటించుకుందాం.

దేశనూరు వారికి నీటి కొలత కొత్త విషయమేమీ కాదు. విజయనగర రాజుల కాలం నుంచి తుంగభద్ర నీటిని పొలాలకు మళ్లిస్తున్న కాలువల్లో దేశనూరు కాలువ కూడా ఒకటి. వానాకాలం వచ్చిందంటే "డ్యాం ఎన్ని అడుగులుంది?" అన్నది ఈ ప్రాంతంలో మంచిచెడ్డల పలకరింపు లాంటిది. కానీ ఆ అడుగులు ఎక్కడి నుంచి లెక్కిస్తున్నామని మనం ఎప్పుడైనా ఆలోచించామా? గుంతకల్లు వంటి రైల్వేస్టేషన్లలో పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని రాసి ఉంటుంది. అంటే సముద్రాన్ని ఎన్నడూ చూడనివారి ఇంటి గడప ఎత్తు కూడా సముద్రం నుంచే లెక్క కడుతున్నారన్నమాట.

ఈ లెక్క వెనుక పెద్ద చరిత్ర ఉంది. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ గొలుసులతో నేలను కొలవడం మొదలుపెట్టాడు. ఆ కొలతల వరుస 1811 నాటికి మన గుత్తి ప్రాంతానికి చేరింది. నేల పొడవు వెడల్పులు తేలాయి గాని, ఎత్తులకు ఒక సున్నా కావలసివచ్చింది. ఆ సున్నాగా సముద్రాన్ని తీసుకున్నారు.

అయితే సముద్రం ఒక్కచోట నిలిచి ఉండదు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. అందుకని రేవుల్లో టైడ్ గేజ్ అనే పరికరాలు పెట్టారు. ఆ పాత పరికరం పనిచేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. ఒడ్డున ఒక బావి లాంటి గొట్టం ఉంటుంది. దాని అడుగున ఉన్న చిన్న రంధ్రం గుండా సముద్రపు నీరు లోపలికి వస్తుంది. అలల కుదుపు లోపలికి అందదు, మట్టం మాత్రం అందుతుంది. నీటి మీద ఒక తేలే బుంగ, దానికి కట్టిన తీగ, ఆ తీగ కదిలినప్పుడల్లా కాగితం మీద గీత గీసే కలం, ఆ కాగితపు చుట్టను తిప్పే గడియారం ఉంటాయి. ఏళ్ల తరబడి గీసిన ఆ గీతల సగటే సగటు సముద్ర మట్టం.

ఇక్కడొక విశేషం చెప్పాలి. 1870 దశకంలో మన సర్వే శాఖ కచ్ సింధుశాఖలో ఈ పరికరాలను పెట్టడానికి కారణమే ఒక సందేహం. అక్కడ నేల లేస్తోందా, దిగుతోందా, లేక సముద్రమే మారుతోందా అని తేల్చుకోవాలనుకున్నారు. అంటే ఈ వాదం నిన్నా మొన్నా పుట్టింది కాదు. మన దేశంలో సముద్రాన్ని పద్ధతిగా కొలవడం మొదలైననాడే అదీ పుట్టింది.

తరువాత కరాచీ, ముంబయి, కార్వార్, బేపూర్, కొచ్చి, నాగపట్నం, చెన్నై, మన విశాఖపట్నం, ఒరిస్సా తీరంలోని ఫాల్స్ పాయింట్ అనే తొమ్మిది రేవుల సగటు మట్టాలను సున్నాగా పట్టుకుని దేశమంతటా ఎత్తులు లెక్క కట్టారు. అది 1909 నాటి లెక్క. ఆ ఎత్తులను రాళ్ల మీద గుర్తులుగా చెక్కి ఊరూరా నిలిపారు.

పెద్దాయన ప్రశ్నకు ఒక జవాబు ఇక్కడే దొరుకుతుంది. మన 1633 అడుగులు ఇవాళ్టి సముద్రం నుంచి కొలిచినవి కావు. వెనకటి రోజుల్లో ఖాయం చేసి, రాళ్ల మీద గుర్తుగా నిలిపిన సున్నా నుంచి కొలిచినవి. సముద్రం పెరిగినా ఆ సున్నా కదలదు. కాబట్టి డ్యాం లెక్క తగ్గలేదు గనక సముద్రం పెరగలేదనడం సరికాదు.

అయితే సందేహించేవారి మాటలోనూ బలముంది. టైడ్ గేజ్ నేల మీద నిలబడి నీటిని కొలుస్తుంది. నీరు రెండు అంగుళాలు పెరిగినా, నేల రెండు అంగుళాలు దిగినా కాగితం మీద గీత ఒకేలా పడుతుంది. పైగా గాలులు, తీరం వెంట సాగే ప్రవాహాలు, నదుల మంచినీరు అన్నీ కలిసి బంగాళాఖాతం తీరంలో మట్టాన్ని ఏడాదిలోనే పదుల సెంటీమీటర్ల మేర పైకీ కిందికీ ఆడిస్తాయి. ఏటా మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉండే పెరుగుదలను ఆ ఊగిసలాటలో వెతకడమంటే, పెళ్లి పందిట్లో గుసగుస వినడమే. నాలుగైదేళ్ల లెక్క చూసి పెరిగిందనీ తరిగిందనీ తేల్చేవారిని నమ్మనక్కరలేదు.

మాల్దీవుల దగ్గర సముద్రం పెరగకపోగా తగ్గిందని స్వీడన్‌కు చెందిన మోర్నర్ అనే శాస్త్రజ్ఞుడు 2004లో వాదించాడు. ఆయన ఆధారం తీరంలో కనిపించే ఇసుక, పగడపు గుర్తులు. ఇతర శాస్త్రజ్ఞులు ఆ మాటను టైడ్ గేజ్ లెక్కలతోనూ వాతావరణ లెక్కలతోనూ సరిచూశారు. అంత తగ్గుదల జరిగి ఉండే వీలు లేదని తేల్చారు. వాదన తప్పు కాదు. వాదనను లెక్కతో సరిచూడకపోవడమే తప్పు.

మరి సరిచూడడం ఎలా? ఊళ్లో గట్టు తగాదా వస్తే ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పం కదా! ఒకరికొకరు సంబంధం లేని సాక్షులను విడివిడిగా అడుగుతాం. శాస్త్రజ్ఞులూ అదే చేశారు.

మొదటి సాక్షి పాత టైడ్ గేజ్‌లే. ముంబయి లెక్క 1878 నుంచి ఉంది, విశాఖ లెక్క 1937 నుంచి ఉంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ఉన్నికృష్ణన్, శంకర్ 2007లో ఇలాంటి దీర్ఘకాలపు లెక్కలను ఏరి పరిశీలించారు. మొత్తం మీద ఏటా 1.06 నుంచి 1.75 మిల్లీమీటర్ల పెరుగుదల కనిపించింది. సగటు 1.29. నూరేళ్లకు అది 13 సెంటీమీటర్లు, అంటే అయిదు అంగుళాలు. కానీ కలకత్తా దిగువన డైమండ్ హార్బర్‌లో మాత్రం లెక్క ఏటా 5 మిల్లీమీటర్లు దాటింది. అక్కడ డెల్టా నేల దిగడం కూడా అందులో కలిసి ఉందని వారే చెప్పారు. గుర్తుంచుకోండి, ఎక్కువ అంకె దొరికిందని సంబరపడి దాన్ని దేశమంతటికీ అంటగట్టలేదు.

రెండో సాక్షి ఆకాశంలో ఉంది. 1992లో అమెరికా, ఫ్రాన్స్ కలిసి టోపెక్స్ పొసైడన్ అనే ఉపగ్రహాన్ని పంపాయి. అది 1300 కిలోమీటర్లకు పైనుంచి రాడార్ తరంగాలను సముద్రం మీదికి పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మట్టాన్ని కొలిచింది. నేల లేచినా దిగినా దానికి పట్టదు. ఆ తర్వాత జేసన్ వరుస వచ్చింది. 2013లో మన శ్రీహరికోట నుంచే సరళ్ అనే ఉపగ్రహం ఇదే పని మీద వెళ్లింది.

ఆకాశ సాక్షి కూడా తడబడకపోలేదు. టోపెక్స్ మొదటి ఆరేళ్ల లెక్కలో పరికరం కొద్దికొద్దిగా దారి తప్పింది. ఆ తప్పును పట్టించింది ఎవరనుకుంటున్నారు? రేవుల్లోని టైడ్ గేజ్‌లే! వాటితో సరిపోల్చి 2015లో సవరిస్తే, మొత్తం పెరుగుదల వేగం ముందు అనుకున్నదానికంటే కాస్త తగ్గింది. తమ వాదానికి బలం రావాలని అంకెలు దిద్దేవారైతే అంకెను తగ్గించుకుంటారా? అయితే ఆ సవరణతో మరో సంగతి బయటపడింది. పెరుగుదల వేగం ఏటికేడు హెచ్చుతోంది.

మూడో సాక్షి కారణాల లెక్క. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, కరిగిన మంచు వచ్చి కలుస్తుంది. సముద్రంలో వదిలిన ఆర్గో అనే తేలే పరికరాలు నీటి వేడిని చెబుతున్నాయి. 2002 నుంచి గ్రేస్ ఉపగ్రహాలు మంచు బరువు తరుగుదలను చెబుతున్నాయి. ఆ రెండూ కూడితే వచ్చే మొత్తం, ఉపగ్రహాలు కొలిచిన పెరుగుదలకు దగ్గరగా సరిపోతోంది. జమా ఖర్చు కుదిరిందన్నమాట. వేడికి కారణం ఏమిటన్నది సముద్ర మట్టం ఒక్కటే తేల్చదు, దానికి వేరే సాక్ష్యాలున్నాయి. కానీ భూమి వేడెక్కుతోందన్న మాటకు ఇది గట్టి సాక్ష్యం. అంతర్జాతీయ నిపుణుల సంఘం 2021 నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. అంటే దాదాపు జానెడు. మొదట ఏటా 1.3 మిల్లీమీటర్లున్న వేగం 2006 తర్వాత 3.7కు చేరింది.

ఇక మన డ్యాం దగ్గరికే వద్దాం. 1953లో 132 టి.ఎం.సి.ల పైచిలుకు నీరు పట్టిన తుంగభద్ర జలాశయంలో, 2008 సర్వే ప్రకారం 100.855 టి.ఎం.సి.లే పడతాయన్నారు. 2016 సర్వే 105.788 అంది. పూడిక తనంతట తాను లేచిపోయిందా? లేదు, సర్వేకూ సర్వేకూ కొలతలో తేడా వచ్చింది. ఆ తేడా చూసి డ్యాంలో పూడికే లేదని ఏ రైతైనా అన్నాడా? కొలతలో కొంత తేడా ఉండడం వేరు, జరుగుతున్నది అబద్ధం కావడం వేరు. ఈ భేదం మన రైతుకు బాగా తెలుసు. సముద్రం విషయంలోనూ అదే భేదం పాటించాలి.

ఆ పూడిక కథ అక్కడితో ఆగదు. తుంగభద్ర వెళ్లి కృష్ణలో కలుస్తుంది. వెనకటి కాలంలో ఆ ఒండ్రు కృష్ణమ్మ వెంట సాగి దివిసీమ దాకా చేరి డెల్టాను పోషించేది. ఇప్పుడు ఆ మట్టి మన డ్యాంలోనూ, దిగువన ఉన్న ఇతర జలాశయాల్లోనూ నిలిచిపోతోంది. కొత్త మట్టి అందని డెల్టా నేల మెల్లమెల్లగా కుంగుతుంది. అక్కడ సముద్రం పెరగడమూ నిజమే, నేల దిగడమూ నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కరలేదు. అక్కడ ఇల్లున్నవాడికి రెండూ కలిసే వస్తాయి.

డ్యాం కట్టాక కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి సిరుగుప్ప, గంగావతి ప్రాంతాల క్యాంపుల్లో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి అన్నదమ్ములు, మేనమామలు ఇంకా ఆ తీరపు ఊళ్లలోనే ఉన్నారు. జానెడు పెరుగుదల ఒడ్డున నిలబడి చూస్తే కంటికి ఆనదు. తుఫాను ఉప్పెన వచ్చిన రాత్రి మాత్రం ఆ జానెడే నీరు గడప దగ్గర ఆగుతుందా, ఇంట్లోకి వస్తుందా అన్నది తేలుస్తుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనను చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

దేశనూరు పెద్దాయనకు ఆ రోజు నేను క్లుప్తంగా ఇదే చెప్పాను. ఆయన కాసేపు కాలువ వంక చూసి, "అయితే మన డ్యాంలో మట్టి, వాళ్ల ఊళ్లో లోటు అన్నమాట" అన్నారు. ఇంత పొడుగు ప్రసంగంలో నేను చెప్పిన దాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. కొలతను అనుమానించండి, తప్పులేదు. ఒక సాక్షి మాటను మరో సాక్షితో సరిచూడమనండి. కానీ సాక్షులందరూ ఒకే మాట చెబుతున్నప్పుడు చెవిన పెట్టకపోతే, నష్టపోయేది మనవాళ్లే.